పాత నంబరుకొచ్చిన ఓటు

గంగాప్రసాద్ ఓటు వేద్దామని ఫోను తీశాడు. పార్టీ పంపిన లింకు తెరిచి, సభ్యత్వం నంబరు కొట్టాడు. తెర మీద ఒక వాక్యం కనిపించింది: మీ మొబైలుకు ఓటీపీ పంపాం, పది నిమిషాల్లో నమోదు చేయండి.

మొబైలు చేతిలోనే ఉంది. ఓటీపీ రాలేదు.

మస్కట్‌లోని ఘాలా పేటలో, కంపెనీ రూమ్‌లో మంచం మీద కూర్చుని అతను మళ్ళీ నొక్కాడు. మళ్ళీ పంపామంది. మళ్ళీ రాలేదు. అప్పుడు చూశాడు చివరి అంకెలు. అవి అతని మస్కట్ నంబరువి కావు. ఊళ్ళో ఉన్నప్పుడు వాడిన సిమ్ముది. ఆ నంబరు నుంచే అప్పట్లో పార్టీకి మిస్డ్ కాల్ ఇచ్చి సభ్యుడయ్యాడు.

ఆ సిమ్ము పెట్టెలో, పాస్‌పోర్టు ఫొటోల కవరులో ఉంది. రీచార్జి లేక రెండేళ్ళ కిందటే చచ్చిపోయింది. గల్ఫుకు వచ్చినవాళ్ళలో సగం మంది చేసే పనే ఇది. మొదట్లో ఇండియా సిమ్మును కాపాడుకుంటారు, తర్వాత మరిచిపోతారు.

రైతుకూలీ పక్షం ఈసారి కొత్త పద్ధతి పెట్టింది. అసెంబ్లీ టికెట్ ఎవరికివ్వాలో హైదరాబాదులో తేల్చరు. నియోజకవర్గంలో సభ్యులే ఓటు వేసి తేలుస్తారు. గల్ఫులో ఉన్నవాళ్ళు ఫోనులో వేయవచ్చు. సగానికి మించి ఎవరికీ రాకపోతే వెనకబడినవాళ్ళను తీసేసి మళ్ళీ వేయాలి. బరిలో నలుగురున్నారు. గంగాప్రసాద్ ఓటు ఎవరికో ఎప్పుడో ఖాయమైంది.

పార్టీ హెల్ప్‌లైనుకు ఫోను చేశాడు.

"నంబరు మార్చాలంటే ఆధార్ పట్టుకొని జిల్లా ఆఫీసుకు రావాలన్నా."

"నేను మస్కట్‌ల ఉన్న."

"అయితే వచ్చినప్పుడు మార్చుకోండ్రి."

"నేను వచ్చేది రెండేండ్లకు."

"అప్పుడు గూడ ఎలక్షన్లు ఉంటయి తియ్యన్నా."

పక్క మంచం మీది సర్దార్ నవ్వాడు. అతనిది హైదరాబాద్, కంపెనీలో డ్రైవరు. "నీ నంబర్ సిమ్ము కంపెనోళ్ళు ఎవరికో ఇచ్చేసి ఉంటరు మియా. వాట్సాప్‌ల కొట్టి చూడు."

కొట్టాడు. తన పాత నంబరు మీద ఒక ఫొటో వచ్చింది. కోసిన పచ్చి మామిడికాయ, మీద ఉప్పూ కారం. మనిషి లేదు.

గంగాప్రసాద్ రాశాడు: "నమస్తే. మీ ఫోనుకు ఇప్పుడే ఒక ఓటీపీ వచ్చి ఉంటది. జర చెప్పుండ్రి."

జవాబు వెంటనే వచ్చింది. "నిన్న కరెంటు బిల్లు అన్నరు. మొన్న కొరియర్ అన్నరు. ఇయ్యాల ఏంది?"

"ఓటు."

"ఇది కొత్తగున్నది."

"నిజంగ ఓటే. ఆ నంబరు ఇంతకుముందు నాది."

"ఇప్పుడు నాది. ఓటీపీ ఎవ్వరికి చెప్పొద్దని బ్యాంకు చెప్పింది. మా మామ చెప్పిండు. ఎవరికి ఫోన్ కలిపినా ముందుగాల మోగే టేపు గూడ అదే చెప్తది."

"నేను దొంగను కాదు మేడం."

"దొంగలందరు ఆ ముక్కే అంటరు. నేను మేడం అని నీకెట్ల తెలుసు?"

"దొంగను గింత తిట్టేటోళ్ళు మేడమే ఉంటరు."

గంగాప్రసాద్ వదల్లేదు. "మీరు ఏడ ఉంటరో చెప్పుండ్రి. ఎదురుంగ వచ్చి మొఖం చూపిస్త."

"రా మరి. విమానం ఎక్కి మస్కట్ రా."

గంగాప్రసాద్ మంచం మీంచి లేచి నిలబడ్డాడు. "మస్కట్‌ల ఏడ?"

రాస్తున్నట్టు కనిపించింది. ఆగింది. మళ్ళీ రాస్తున్నట్టు కనిపించింది.

"బౌషర్," అని వచ్చింది. అదే ఊళ్ళో, పక్క పేట.

"నేను ఘాలాల ఉన్న. శుక్రవారం వస్త."

ఆమె మామిడికాయ ఫొటోను తీసేసింది. కానీ బ్లాక్ చేయలేదు.

*

ఆమె పేరు సింధూజ. ఊరు కోరుట్ల. బౌషర్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. మస్కట్ విమానం ఎక్కే ముందు జగిత్యాలలో కొత్త సిమ్ము కొంది. దుకాణం వాడు ఇచ్చిన నంబరు ఇది. ఇక్కడ ఒమాన్ సిమ్ము వాడుతుంది. జగిత్యాల సిమ్మును ఇంకో ఫోనులో, బ్యాంకు మెసేజీల కోసం ఉంచుకుంది.

శుక్రవారం ఆస్పత్రి ఎదుటి టీ కొట్టు దగ్గర ఆమె ఒక్కతే లేదు. తోడుగా షైస్తా అనే నర్సును తెచ్చుకుంది. షైస్తాది కడప. గంగాప్రసాద్ వెనక సర్దార్ ఉన్నాడు.

"బతాకా తీయండి," అంది సింధూజ. ఇక్కడ పోలీసులు రెసిడెంట్ కార్డు అడిగినట్టే అడిగింది.

ఇచ్చాడు. ఆమె కార్డునూ అతన్నీ మార్చి మార్చి చూసింది.

"ఫొటోల మీసం లేదు."

"తర్వాత వచ్చింది."

"ఎత్తు ఎంత?"

"ఐదడుగుల ఏడు."

"మరి ఎనిమిదని చెప్పిండ్రు?"

"ఎవరు చెప్పిండ్రు?"

"మీ అమ్మ. మెట్‌పల్లి పెండ్లిళ్ళ పేరయ్యకు, ఈ నంబరు ఇచ్చినప్పుడు. అమ్మ పేరు రాజవ్వ. అబ్బాయి ఏసీ మెకానిక్, మస్కట్. తాగడు. నిజమేనా?"

గంగాప్రసాద్ చాచిన చెయ్యి కార్డు దగ్గరే ఆగిపోయింది. సర్దార్ అతని తరఫున తల ఊపాడు.

"ఏడాది సంది ఆయన మీకు చూపియ్యమని నాకు అమ్మాయిల ఫొటోలు పంపుతున్నడు," అంది సింధూజ. "ఈ నంబరు ఆ అబ్బాయిది కాదని చెప్పిన. అబ్బాయి తరఫోళ్ళకు బెట్టు ఎక్కువ అనుకున్నట్టున్నడు. ఇంకా మంచివి పంపుడు షురూ చేసిండు."

"అందుకేనా, ఒక్క సంబంధం గూడ మన దాక వస్తలేదని మా అమ్మ బాధపడేది!"

"ఒకామె నిజంగ బాగుండె. టీచరు. మీకు చెప్దామంటే మీ నంబరు లేకపాయె."

"ఇప్పుడుంది గద."

"ఇప్పుడు ఆమెకు పెండ్లయింది."

షైస్తా పైట అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇతను దొంగ కాదు లేవే. దొంగ అయ్యుంటే ఈపాటికి సమాధానం చెప్పుండేవాడు."

సింధూజ ఫోను తీసింది. ఇవ్వలేదు. "ఇంకొక్క ప్రశ్న. శుక్రవారం ఒక్కనాడు సెలవు. పడుకోక ఓటు కోసం ఇంత తిరుగుడు ఎందుకు?"

గంగాప్రసాద్ చెప్పాడు. మొదటిసారి ఏజెంటు పంపితే వాళ్ళ ఊరివాళ్ళు కొందరు ఇక్కడికి వచ్చి పని లేక, చేతిలో పాస్‌పోర్టు లేక ఒక షెడ్డులో పడి ఉన్నారు. వాళ్ళలో అతనొకడు. ఊళ్ళో బీడీలు చేసే దేవవ్వ వాళ్ళ కోసం అర్జీ పట్టుకుని ప్రతి సోమవారం బస్సెక్కి కలెక్టరాఫీసుకు పోయింది. ఆమె కొడుకు వాళ్ళలో లేడు. ఆమెకు చుట్టం కూడా ఎవరూ లేరు. పాస్‌పోర్టులు చేతికొచ్చేదాకా పోతూనే ఉంది. ఊరికి తిరిగి పోయాక నీకేమివ్వాలని అతను అడిగితే, నేను ఎప్పుడన్నా నిలబడితే ఓటెయ్యి బిడ్డా అంది.

"ఇప్పుడు నిలబడ్డది," అన్నాడు గంగాప్రసాద్.

సింధూజ ఫోను తెర తెరిచింది. "కొట్టండి సైటు," అంది. ఓటీపీ ఒక్కో అంకె చదివింది. అతను నొక్కాడు. ఓటు పడింది.

"అయిపోయింది గద?" అంది.

"అయిపోయింది," అన్నాడు. అతనికి ఆ మాట నచ్చలేదు.

*

అయిపోలేదు. సగానికి మించి ఎవరికీ రాలేదు. ఒకరిని తీసేశారు. రెండో రౌండుకు తేదీ వేశారు.

ఆ శుక్రవారం గంగాప్రసాద్ ఒక మలయాళీకి తన ఓవర్‌టైం డ్యూటీ అప్పజెప్పి వచ్చాడు. టీ వచ్చేలోపు పార్టీ మెసేజ్ వచ్చింది. సాంకేతిక కారణాల వల్ల వాయిదా. తర్వాతి వారం, తీసేసిన అభ్యర్థి అభ్యంతరం పెట్టాడని వాయిదా. ఆ తర్వాతి వారం ఆ అభ్యంతరం మీద కమిటీ వేశారని వాయిదా.

"ఓటేసుడే ఇంత కష్టమైతే, గెలిచినంక పని చేసుడు ఇంకెంత కష్టమో!" అన్నాడు గంగాప్రసాద్. "ఏసీ రిపేరు చెయ్యమంటే నేను కమిటీ వేస్తనా?"

"చాయ్ తాగుండ్రి. చల్లారిపోతది."

"మా రూమోళ్ళల్ల సగం మంది విడిచిపెట్టిండ్రు. ఎవరన్న గెలవనీ, మళ్ళీ లింకు పంపొద్దు అంటుండ్రు."

"మీరెందుకు విడిచిపెడతలేరు?"

"వాళ్ళు గట్ల విడిచిపెట్టాలనే ఇట్ల సాగదీస్తుండ్రు. నేనైతే ఇడిచిపెట్ట."

సింధూజ గ్లాసు అంచు మీదుగా అతన్ని చూసింది. "మంచిగుంది. కానీ ఇయ్యాల వాయిదా అని నేను పొద్దుగాలనే మీకు మెసేజ్ పెట్టిన. మీరు చూసిండ్రు. రెండు నీలి గీతలు పడ్డయి."

గంగాప్రసాద్ టీ తాగాడు. వేడిగా ఉంది. నాలుక కాలింది.

"చూసినంక గూడ ఎందుకొచ్చిండ్రు?"

"ఒకవేళ... మళ్ళీ పెడతరేమోనని."

"ఆహా," అంది సింధూజ. "మరి నేనెందుకొచ్చినట్టు?"

అతను తలెత్తేసరికి ఆమె లేచి టీ డబ్బులు ఇవ్వడానికి పోయింది.

రెండో రౌండు ఎట్టకేలకు జరిగింది. ఆమె అంకెలు చదివింది, అతను నొక్కాడు. రెండు రోజుల తర్వాత ఫలితం వచ్చింది. ఈసారీ ఎవరికీ సగం రాలేదు. మిగిలింది ఇద్దరు, దేవవ్వా గణపతీ.

తర్వాతి శుక్రవారం గంగాప్రసాద్ నవ్వుకుంటూ వచ్చాడు. సింధూజ నవ్వలేదు.

"గణపతి మా మేనమామ," అంది.

"ఏ గణపతి? లారీల గణపతా?"

"లారీల గణపతే. మా నాయిన పోయినంక మమ్ముల సాకింది ఆయన. నన్ను చదివించింది ఆయన. నన్ను ఇక్కడికి పంపినప్పుడు ఏర్‌పోర్టుల ఏడ్చింది గూడ ఆయనే."

"మరి మొదట్నే చెప్పలేదేంది?"

"నలుగుర్ల ఒకడు. ఇట్ల ఎదురెదురుగ మిగుల్తరని నాకేమెరుక?"

గంగాప్రసాద్ గ్లాసు కింద పెట్టాడు. "ఇప్పుడెట్ల?"

"ఎట్లనేమున్నది," అంది సింధూజ. "ఓటు మీది. నంబరే నాది."

టీ సగం మిగిల్చి ఆస్పత్రిలోకి పోయింది.

*

మూడో రౌండు కూడా ముందు వాయిదా పడింది. గంగాప్రసాద్ బౌషర్ పోలేదు. ఆమె రమ్మనలేదు. పోతే ఓటు కోసం వచ్చాడనుకుంటుంది. పోకపోతే ఓటు కోసమే అన్నాళ్ళూ వచ్చాడనుకుంటుంది. ఏది నయమో తేలక అతను రూమ్‌లో కూర్చుని చొక్కాలు ఇస్త్రీ చేసుకున్నాడు.

"సొంత మామ హై భాయ్," అన్నాడు సర్దార్. "పిల్ల మంచిదే. కానీ ఓటీపీ ఎట్ల ఇస్తది చెప్పు?"

"ఇస్తది."

"అంత భరోసా ఉంటే పోయి మాట్లాడొచ్చు గదా?"

గంగాప్రసాద్ ఇంకో చొక్కా తీశాడు.

చివరి తేదీ వచ్చింది. ఆ సాయంత్రంతో గడువు. ఆ రోజే వాన మొదలైంది. మస్కట్‌లో వాన పడితే రోడ్లే వాగులవుతాయి, ఇక్కడివాళ్ళు వాటిని వాదీ అంటారు. పని సైట్లు మూసేశారు, కంపెనీ బస్సు కదల్లేదు. గంగాప్రసాద్ లింకు తెరిచి నొక్కాడు. ఓటీపీ పంపామంది. పాత నంబరుకు మెసేజ్ పెట్టాడు. ఒక్క గీతే పడింది. రెండోది పడలేదు. పది నిమిషాలు అయిపోయాయి. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ ఒక్క గీతే.

ఆమె ఒమాన్ నంబరుకు ఫోను చేశాడు. ఎంగేజ్. మళ్ళీ చేశాడు. మళ్ళీ ఎంగేజ్.

అప్పుడు అతను చేయకూడని పని చేశాడు. ఒమాన్ నంబరుకు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "సింధూజ గారూ, మీ మామ కోసమైతే ఆ ముక్క మొఖం మీద చెప్తే అయిపోతుండె. ఫోన్ బంద్ పెట్టుకునుడెందుకు?"

పంపాక తీసేద్దామనుకున్నాడు. అప్పటికే నీలి గీతలు పడ్డాయి.

"బౌషర్ పోతున్న," అని లేచాడు.

"పాగల్ హై క్యా? వాదీ వచ్చింది. రోడ్డు మీద నీళ్ళు పోతున్నయ్. పోలీస్ బండి అడ్డం పెట్టిండ్రు."

"ఏడిదాక పోనిస్తే ఆడిదాక పోత."

నడిచి పోయాడు. గ్యారేజీల వరస దాటాక రోడ్డు ఆగిపోయింది. ఎర్రటి నీళ్ళు రోడ్డుకు అడ్డంగా పారుతున్నాయి. పోలీసు చెయ్యి ఊపి వెనక్కి పొమ్మన్నాడు. గంగాప్రసాద్ వెనక్కి వచ్చాడు గానీ రూమ్‌కు పోలేదు. ఒక గోడౌన్ రేకుల కింద నిలబడ్డాడు. వాన తగ్గితే దాటాలి. లేదంటే ఇంకో దారి ఉందేమో అడగాలి. ఊరికే ఉండటం మాత్రం కుదరదు.

ఫోను మోగింది. ఆమె.

"ఏడున్నరు?"

"వాదీ ఇవతల."

"తలకాయ ఉన్నదా మీకు? దాటకుండ్రి! కార్లే కొట్టుకపోతున్నయి."

"ఓటు..."

"మీ వాయిస్ మెసేజ్ విన్న. దాని సంగతి తర్వాత చూస్త. వానకు వైఫై పోయింది, ఆ సిమ్ము గూడ పని చేస్తలేదు. దాని వ్యాలిడిటీ అయిపోయింది. మీ లెక్కనే నేను గూడ రీచార్జి మరిచిపోయిన."

"చేసుకోవచ్చు గద!"

"చేయబోయిన. పైసలు కట్టేటప్పుడు బ్యాంకు ఓటీపీ పంపింది. ఏడికి పంపింది? ఆ చచ్చిన సిమ్ముకే!"

గంగాప్రసాద్ రేకుల గోడకు ఆనుకున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మరెట్ల?"

"ఇంటికాడ ఎవరన్న చెయ్యాలె. అమ్మకు రాదు. మా ఇంట్ల అందరి ఫోన్లకు రీచార్జి చేసేది ఒక్కడే. మామ."

"ఏ మామ?"

"నాకున్నదే ఒక్క మామ. మీరు ఫోన్ చేసినప్పుడల్లా ఎంగేజ్ వచ్చింది ఆయనతోని మాట్లాడబట్టే."

వాన రేకుల మీద మోత పెడుతోంది. గంగాప్రసాద్ ఫోనును చెవికి ఇంకా నొక్కి పట్టాడు. "ఏమని అడిగిండ్రు?"

"ఉన్నదే చెప్పిన. మామా, నా సిమ్ముకు రీచార్జి చెయ్యి. ఒకాయన నా ఫోన్ మీద దేవవ్వకు ఓటెయ్యాలె. ఎవరి ఓటు వాళ్ళకు చేరాలె అన్న."

"ఆయన ఏమన్నడు?"

"ఒక్కటే అడిగిండు, ఎవడే వాడు అని."

"మీరేం చెప్పిండ్రు?"

"రీచార్జి అయితే చేసిండు. టైం అయిపోతున్నది. ముందు ఓటీపీ కొట్టుండ్రి."

నొక్కాడు. అవతల ఆమె రెండో ఫోను మోగిన చప్పుడు వినిపించింది. ఆమె అంకెలు చదివింది. వాన మోతలో ఒక అంకె వినపడలేదు. మళ్ళీ చదివింది.

"ఫోన్ల ఎవ్వరికీ చెప్పొద్దన్నరు గద," అన్నాడు గంగాప్రసాద్.

"ఎవరో అయితే చెప్పొద్దు," అంది సింధూజ.

తెర మీద వచ్చింది: మీ ఓటు నమోదైంది.

*

దేవవ్వ గెలిచింది. ఆమె పంపిన వాయిస్ మెసేజ్ గంగాప్రసాద్ రూమంతా విన్నది. "బిడ్డా, నువ్వు వానల తడిసినవట. జరం రాకుండ చూసుకో." ఎన్నిక గురించి ఒక్క ముక్క లేదు.

శుక్రవారం టీ కొట్టు దగ్గర సింధూజ ఇంకో వాయిస్ మెసేజ్ పెట్టి వినిపించింది. "మీ మామ కోసమైతే ఆ ముక్క మొఖం మీద చెప్తే అయిపోతుండె..."

"తప్పయింది," అన్నాడు గంగాప్రసాద్.

ఆమె మళ్ళీ పెట్టింది.

"తప్పయిందన్న గద."

"అయిందని నాకు గూడ తెలుసు. మంచిగ కోపానికి వచ్చిండ్రు, అందుకే వింటున్న." మూడోసారి పెట్టబోయింది. అతను ఫోను మీద చెయ్యి పెట్టాడు. చెయ్యి ఆమె వేళ్ళ మీద పడింది. ఇద్దరూ తీయలేదు.

"ఎలక్షన్ అయిపోయింది," అన్నాడు. "వచ్చే శుక్రవారం రావాలంటే నాకు సాకు లేదు. ఈసారి వట్టిగనే వస్త. మీ కోసం వస్త. వద్దంటే ఇప్పుడే చెప్పుండ్రి."

సింధూజ జవాబు చెప్పేలోపు ఆమె ఫోను మోగింది. చూసి, మాట్లాడకుండా అతనికి ఇచ్చింది.

"నన్ను ఓడగొట్టిన పిలగానివి నువ్వేనా?" అవతల గొంతు.

గంగాప్రసాద్ కుర్చీలోంచి లేచాడు. "నమస్తే... సార్."

"సారెందుకు. మామా అను. ఎట్లనో గట్ల అనాల్సిందే గదా. ఒక్క ముచ్చట అడుగుత. నా మేనకోడలు ఎప్పుడూ రీచార్జి మరిచిపోతది. నువ్వూ మరిచిపోతవట. ఇద్దరు ఒక్క తీరున్నరు, సంసారం ఎట్ల చేస్తరు?"

"ఒకరికొకరం గుర్తు చేసుకుంటం మామా."

అవతల నవ్వు వినిపించింది. "దేవవ్వ ప్రచారానికి నా లారీలే ఇచ్చిన. ఓడినంక ఇంట్ల కూసుంటే ఏమస్తది. మీ అమ్మ నంబరు చెప్పు, మాట్లాడుత. వచ్చేసారి నేను నిలబడితే మాత్రం అల్లుని ఓటు నాకే."

"అది అప్పుడు చూద్దం మామా," అన్నాడు గంగాప్రసాద్.

"మొండోడే!" అని గణపతి ఫోను పెట్టేశాడు. ఆ మాటలో కోపం లేదు.

గంగాప్రసాద్ కూర్చున్నాడు. "ఆ రోజు ఎవడే వాడని మీ మామ అడిగితే నువ్వేం చెప్పినవు?"

అతను మొదటిసారి నువ్వు అన్నాడు. సింధూజ విన్నది, దిద్దలేదు.

"నా నంబరు మనిషి అని చెప్పిన."

"మరి మన దాంట్ల ఎన్ని రౌండ్లు?"

"ఓటర్లు ఇద్దరే. ఇద్దరు ఒక్క తీరుగ వేస్తే రెండో రౌండెందుకు?"

"నాది పడ్డది. నీది?"

టేబుల్ మీద రెండో ఫోను టింగుమంది. మెట్‌పల్లి పేరయ్య. అమ్మాయి డిగ్రీ, రంగు చామనఛాయ, ఎత్తు ఐదడుగుల నాలుగు, అబ్బాయికి చూపించి వెంటనే చెప్పగలరు.

సింధూజ ఫోను దగ్గరికి తీసుకుంది. గంగాప్రసాద్ చూస్తుండగానే రాసింది: "అబ్బాయికి సంబంధం కుదిరింది. ఇంక ఫొటోలు పంపకండి."

పేరయ్య వెంటనే జవాబిచ్చాడు: "సంతోషం. ఆ అమ్మాయి నంబరు పంపగలరు."

సింధూజ ఒక్క మాటే రాసి పంపింది.

"ఇదే."